అడవి చిత్రాలు తీయాలనుకునేవారికి నికాన్ 200-500 లెన్సు: పాలమూరు నుంచి ఒక సమీక్ష

పెళ్లిళ్లు, ప్రారంభోత్సవాలు, ప్రీ వెడ్డింగ్ షూట్‌లతో ఇల్లు గడుపుకుంటూ, పని లేని రోజుల్లో అమ్రాబాద్ అడవుల వైపో కృష్ణా ఒడ్డు చెలకల వైపో కెమెరా భుజాన వేసుకొని బయలుదేరే యువకులు ఇప్పుడు మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూలు, నారాయణపేట, నల్లగొండ జిల్లాల్లో చాలామందే ఉన్నారు. వారిలో కొందరు దీన్ని సరదాతో సరిపెట్టుకోకుండా, పర్యావరణ డాక్యుమెంటరీలు, వన్యప్రాణి సంరక్షణకు పనికివచ్చే ఫొటోలు తీయడాన్నే వృత్తిగా చేసుకోవాలని చూస్తున్నారు. అటువంటివారు నన్ను తరచూ అడిగేది నికాన్ వారి 200-500 మి.మీ. లెన్సు కొనవచ్చా అని. నేనూ అదే దారిలో ఉన్నవాణ్ని, ఆ లెన్సును మొదట అద్దెకు తెచ్చుకొని, తరువాత ఒకరు వాడినదాన్ని కొనుక్కొని చాలాకాలంగా వాడుతున్నవాణ్ని. అందువల్ల పెట్టె మీద అచ్చయిన వివరాలను అప్పగించి ఊరుకోకుండా, ఈ పనికి అది ఎంతవరకు అక్కరకు వస్తుందో రాస్తాను. నా అభిప్రాయం ముందే చెబితే చదివేవారికి సులువుగా ఉంటుంది. పెట్టిన డబ్బుకు ఈ లెన్సు చాలా మంచిది. అయితే ఈ వృత్తిలోకి రాదలచినవారు మొట్టమొదట కొనవలసిన వస్తువు ఇది కాదు.

నికాన్ ఈ లెన్సును 2015 ఆగస్టులో ప్రకటించింది. అంతకుముందు నికాన్ కెమెరా వాడేవారు 500 మి.మీ. దాకా వెళ్లాలంటే ఒక పాత కారు ఖరీదు చేసే, జూమ్ లేని ప్రైమ్ లెన్సులు కొనాలి, లేదా సిగ్మా, టామ్రాన్ కంపెనీల 150-600 లెన్సులతో సర్దుకోవాలి. ఆ రెండింటిలో జూమ్ చివరికి వెళ్లేసరికి అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే కంత, ఎఫ్/6.3కు పడిపోతుంది (అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది). నికాన్ లెన్సు మాత్రం 200 దగ్గరైనా 500 దగ్గరైనా ఎఫ్/5.6 లోనే నిలబడుతుంది. లెక్కకు ఇది స్టాపులో (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు కావడం) మూడో వంతు తేడానే గాని, తెల్లవారుజామున నల్లమల చెట్ల కింద ఆ మూడో వంతు కూడా విలువైనదే. చిన్న సెన్సారున్న డీఎక్స్ బాడీకి, అంటే డి500, డి7500 వంటివాటికి తగిలిస్తే ఇది 300-750 లెన్సు చూపించినంత చూపిస్తుంది. మన దగ్గర చాలామంది చేతిలో ఉన్నవి ఆ తరగతి కెమెరాలే కనుక ఈ సంగతి ముఖ్యం.

ఫొటోల నాణ్యత విషయంలో నాకు వంక పెట్టడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. 500 దగ్గర, అపర్చర్ పూర్తిగా తెరిచి తీసినా దుప్పి చెవి అంచున నిలబడిన వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తాయి. ఎఫ్/8కి తగ్గిస్తే ఇంకొంచెం పదును వస్తుంది గాని, అడవిలో అంత వెలుతురు వృథా చేసుకునే అవకాశం అరుదుగా వస్తుంది. చెయ్యి వణుకును సరిచేసే వీఆర్ వ్యవస్థ నాలుగున్నర స్టాపుల వరకు ఆదుకుంటుందని కంపెనీ చెబుతుంది. కదలకుండా నిలబడిన జంతువును చేత్తో పట్టుకొనే తక్కువ షట్టర్ వేగంలో తీయగలిగినప్పుడు ఆ మాట నమ్మబుద్ధి అవుతుంది. జంతువే కదులుతుంటే వీఆర్ చేయగలిగింది ఏమీ లేదు, అప్పుడు షట్టర్ వేగం పెంచడానికి ఐఎస్ఓ (సెన్సారు వెలుతురును పట్టే శక్తి) పెంచుకోవలసిందే. ఫోకస్ వేగం మధ్యస్థం. మేసే జింకలకు, తీగ మీద కూర్చున్న పాలపిట్టకు, నీటి ఒడ్డున నిలబడిన కొంగకు అది సరిపోతుంది. గాలిలో మలుపులు తిరుగుతూ పురుగులను పట్టే చిన్న పిట్టల వెంట పడితే మాత్రం చాలా ఫ్రేములు చేజారతాయని ముందే అనుకొని వెళ్లాలి.

బరువు గురించి కొనేముందే ఆలోచించుకోవాలి. ట్రైపాడ్‌కు బిగించే కాలర్‌తో కలిపి ఈ లెన్సు 2,300 గ్రాములు, దానికి బాడీ తోడైతే మూడు కిలోలు దాటుతుంది. మన్ననూరు నుంచి ఫరహాబాద్ వైపు సఫారీ జీపులో కూర్చున్నప్పుడు అది పెద్ద భారం అనిపించదు. ఉమామహేశ్వరం గుట్ట ఎక్కేటప్పుడో, మల్లెలతీర్థం మెట్లు దిగి మళ్లీ ఎక్కేటప్పుడో మెడకు తగిలించుకుంటే మాత్రం మరునాడు మెడ తిరగదు. పట్టీని కెమెరాకు కాకుండా లెన్సు కాలర్‌కు తగిలించి భుజానికి అడ్డంగా వేసుకోవడం ఉత్తమం. జీపులో ట్రైపాడ్ పెట్టడానికి చోటుండదు కనుక అంచు మీద ఆనించుకోవడానికి ఒక గుడ్డ సంచి కావాలి. దుకాణాల్లో అమ్మే విదేశీ సంచులకు వేలకు వేలు పోయనక్కరలేదు. మందపాటి జీన్స్ గుడ్డతో దర్జీ దగ్గర కుట్టించుకొని, ఖాళీగా తీసుకుపోయి, దిగిన ఊళ్లో మూడు నాలుగు కిలోల జొన్నలు కొని నింపుకుంటే చాలు. పని అయ్యాక ఆ జొన్నలు రొట్టెలకు పనికివస్తాయి. ఈ లెన్సుకు నేను జతచేసిన పరికరాలన్నిటిలోకీ ఎక్కువ ఉపయోగపడింది ఆ సంచే.

జూమ్ రింగు తిప్పుడు చాలా పొడవు. 200 నుంచి 500కు పోవాలంటే మధ్యలో ఒకసారి చెయ్యి మార్చి పట్టుకోవలసి వస్తుంది. దూరంగా ఉన్న జంతువు ఒక్కసారిగా జీపు పక్కకు వచ్చేసినప్పుడు ఆ చెయ్యి మార్చుకునే క్షణంలోనే అది పొదలోకి వెళ్లిపోవచ్చు. జూమ్ చేసినప్పుడు లెన్సు గొట్టం ముందుకు సాగుతుంది. అలా సాగే నిర్మాణమున్న ఏ లెన్సునైనా ఎర్రమట్టి దుమ్ములో, వానలో జాగ్రత్తగా వాడుకోవాలి. వేసవిలో అచ్చంపేట దాటి అడవి దారి పట్టాక ముందు పోయే వాహనం లేపే దుమ్ము ఎంత ఉంటుందో ఇక్కడివారికి తెలియనిది కాదు. ముందు బండికి, మన బండికి మధ్య దూరం పాటించమని డ్రైవరును అడగడం, లెన్సు మీద తడి పీల్చే తువ్వాలు కప్పుకోవడం తప్ప దీనికి వేరే మందు లేదు.

తక్కువమంది గుర్తించే మంచి గుణం ఒకటుంది. ఇది 2.2 మీటర్ల దగ్గరి వస్తువును కూడా ఫోకస్ చేస్తుంది. అంటే రాతి మీద ఎండ కాగే తొండను, తడి మట్టి మీద గుంపుగా వాలిన సీతాకోకచిలుకలను, కుంట ఒడ్డున రెల్లు పుల్ల మీద నిలిచిన తూనీగను వాటిని బెదరగొట్టకుండా నిండుగా తీయవచ్చు. పులి కోసం వెళ్లి పులి కనబడక తిరిగివచ్చే రోజులే ఎక్కువ కాబట్టి, ఈ చిన్న ప్రాణుల బొమ్మలు ఆ రోజులను నిలబెడతాయి. పత్రికలవారు, పాఠశాలలకు పోస్టర్లు వేసేవారు కూడా ఇవే ఎక్కువగా అడుగుతారు.

వీడియో దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. డాక్యుమెంటరీ తీయాలని ఈ లెన్సు కొనేవారు ఈ భాగాన్ని కొంచెం నిదానంగా చదవాలి. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో కదలిక సహజంగా కనబడాలంటే షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు దగ్గర ఉంచాలి. పాలమూరు ఎండలో ఐఎస్ఓ 100 పెట్టినా, ఆ షట్టరుకు అపర్చర్ ఎఫ్/22 దాకా మూయవలసి వస్తుంది. అంతగా మూస్తే బొమ్మ పదును తగ్గిపోతుంది. దీనికి విరుగుడు లెన్సు ముందు తగిలించే, వెలుతురును తగ్గించే నల్లటి ఎన్‌డీ ఫిల్టరు. అయితే ఈ లెన్సు ముందుభాగం వ్యాసం 95 మి.మీ., ఆ కొలత ఫిల్టర్లు మామూలు లెన్సుల ఫిల్టర్లకంటే బాగా ఖరీదు, నాసిరకానివి పెడితే బొమ్మంతా ఒక రంగుకు తిరుగుతుంది. లెన్సు ధర లెక్కవేసుకునేటప్పుడే మంచి ఫిల్టరు ధర కూడా కలుపుకోవాలి.

డి500లో, డి7500లో 4కె వీడియో తీస్తే సెన్సారులో మధ్యభాగం మాత్రమే వాడబడుతుంది కనుక దృశ్యం మరో ఒకటిన్నర రెట్లు దగ్గరవుతుంది. 500 దగ్గర అది దాదాపు 1,125 మి.మీ. లెన్సుతో చూసినట్లు ఉంటుంది. ఆ మాట వింటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆచరణలో ఆ దూరం మీద ట్రైపాడ్ కాలు పక్కన ఎవరైనా అడుగు వేసినా బొమ్మ ఊగుతుంది. ఎండాకాలం పొద్దున తొమ్మిది దాటిందంటే నేల మీది వేడిగాలి లేచి, దూరాన ఉన్న జింక కాళ్లు నీళ్లలో నిలబడ్డట్టు అలలుగా కదులుతాయి. అది లెన్సు లోపం కాదు, ఎంత ఖరీదైన లెన్సయినా ఆ గాలిని దాటి చూడలేదు. కనుక వీడియోకు ఈ లెన్సును తెల్లవారిన తరువాతి గంటన్నర, పొద్దు వాలిన తరువాతి గంటలో వాడుకొని, మిగతా సమయం వేరే పనికి పెట్టుకోవాలి. రికార్డింగ్ నడుస్తుండగా జూమ్ చేయడం కూడా ఈ రింగుతో కుదిరే పని కాదు. ఆపి, జూమ్ మార్చి, మళ్లీ మొదలుపెట్టాలి. జూమ్ మారినా వెలుతురు మారకపోవడం మాత్రం స్థిరమైన అపర్చర్ వల్ల వచ్చే మేలు, ఎడిటింగ్‌లో అది ఎంతో శ్రమ తగ్గిస్తుంది. ఫోకస్ మోటారు, వీఆర్ చేసే చిన్న చప్పుడు కెమెరా మీది మైకులోకి ఎక్కుతుంది కనుక శబ్దాన్ని విడిగా రికార్డు చేసుకోవాలి.

ఇంతవరకు లెన్సు గుణదోషాలు. సంరక్షణ ఫొటోగ్రఫీకి ఇది ఎలా ఉపయోగపడుతుందో చెప్పాలంటే నారాయణపేట జిల్లా చేలలోకి వెళ్లాలి. మాగనూరు, కృష్ణ మండలాల్లో కృష్ణజింకలు మందలు మందలుగా తిరుగుతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు అది, దాన్ని ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు. అదే జంతువు మొలక దశలో ఉన్న కందిని, పత్తిని మేసి రైతుకు విత్తన ఖర్చు కూడా మిగలకుండా చేస్తుంది. రైతులు చేను చుట్టూ పాత చీరలు కడతారు, రాత్రుళ్లు మంచెల మీద కాపలా పడుకుంటారు. అక్కడ 500 దగ్గర తీస్తే మెలితిరిగిన కొమ్ములతో, నల్లని వీపుతో, వెనుక అంతా మెత్తగా కరిగిపోయిన పచ్చదనంతో అందమైన బొమ్మ వస్తుంది. ఆ కరిగిపోయిన పచ్చదనమే కంది చేను అని చూసేవాళ్లకు తెలిసే దారి ఉండదు. అటువంటి బొమ్మలు నా దగ్గర హార్డ్‌డిస్క్ నిండా ఉన్నాయి, వాటిని ఏ అధికారికి చూపించినా ఆ ఊరి సమస్య గురించి ఒక్క మాట తెలియదు.

ఒకనాడు గట్టు మీద లెన్సు ఆనించుకొని తీస్తుంటే చేను యజమాని వచ్చి పక్కన కూర్చొని, తెర మీద బొమ్మలు కాసేపు చూసి, "జింకను మంచిగనే తీస్తున్నవు తమ్మీ, అది తిన్న చేను గూడ జెర తీయరాదు" అన్నాడు. "తీస్తనే పెద్దాయనా, చూపియ్యి" అని ఆయన వెంట వెళితే, కొరికిన కంది మొక్కలు వరుసకు వరుస మొండి పుల్లలై నిలబడి ఉన్నాయి. వాటి మధ్య తడి మట్టిలో చీలిన గిట్టల గుర్తులు, గట్టు వారగా చీర చింపి కట్టిన కంచె, ఒక పోగుకు చిక్కుకొని నాలుగైదు జింక వెంట్రుకలు. ఆ దృశ్యాన్ని తీయడానికి 500 కాదుగదా 200 కూడా పనికిరాదు. బాడీతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్సు చాలు. ఆ రోజు తీసినవాటిలో తరువాత నలుగురికీ ఉపయోగపడింది ఆ కిట్ లెన్సు బొమ్మే.

అయినా పెద్ద లెన్సుకు అక్కడ ఒక పని ఉంది, దాన్ని చాలామంది వాడుకోరు. దూరం నుంచి తీసినప్పుడు ముందూ వెనకా ఉన్న వస్తువులు ఒకదానికొకటి దగ్గరగా వచ్చినట్లు కనబడతాయి. మూడు నాలుగు వందల మీటర్ల దూరంలో నిలబడి, 200-300 మధ్య పెట్టుకొని తీస్తే, ముందు మేస్తున్న మంద, దాని వెనుక చీరల కంచె, ఆ వెనుక మంచె మీద కూర్చున్న మనిషి ఒకే ఫ్రేములో పొరలు పొరలుగా నిలుస్తారు. అపర్చర్‌ను ఎఫ్/11కు తగ్గిస్తే ఆ మనిషి కూడా గుర్తుపట్టగలిగినంత స్పష్టంగా ఉంటాడు. జంతువుకూ మనిషికీ ఉన్న తగవు అంతా ఒక్క బొమ్మలో చెప్పడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు దొరకలేదు. అయితే ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. నిజంగా వంద గజాల ఎడం ఉన్న జింకను, మనిషిని ఈ లెన్సు పక్కపక్కనే ఉన్నట్లు చూపిస్తుంది. బొమ్మ కింద రాసే రెండు వాక్యాల్లో ఆ ఎడం ఎంతో చెప్పకపోతే బొమ్మ అబద్ధం చెప్పినట్లే అవుతుంది. పులి, ఊరు కలిసి ఉన్న బొమ్మ విషయంలోనైతే ఇది ఇంకా పెద్ద తప్పు, ఆ బొమ్మ చూసి భయపడే జనం ఉంటారు, ఆ భయానికి బలయ్యేది జంతువే.

మన రాష్ట్ర పక్షి పాలపిట్ట సంగతి కూడా ఇలాంటిదే. జడ్చర్ల నుంచి కల్వకుర్తి పోయే దారిలో కరెంటు తీగల మీద దాన్ని ఈ లెన్సుతో ఎంత బాగా తీయవచ్చో చెప్పనక్కరలేదు, నీలి రెక్క విప్పిన క్షణం దొరికితే ఆ బొమ్మను జనం వేలమందికి పంపుకుంటారు. దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమన్న నమ్మకం పేరుతో, పండుగకు ముందే పిట్టలను పట్టి, రెక్కలు కట్టి, పంజరాల్లో పెట్టి డబ్బులకు చూపించే వ్యాపారం మాత్రం అంతగా బొమ్మలకు ఎక్కలేదు. ఆ పంజరం ముందు నిలబడినప్పుడు అవసరమయ్యేది 35 మి.మీ. చిన్న లెన్సు, మాటలు పట్టే మైకు, పట్టినవాడితోనూ చూడవచ్చిన భక్తులతోనూ గొడవ పడకుండా మాట్లాడగల నేర్పు. సంరక్షణ చిత్రకారుడి పని అందమైన జంతువును చూపడంతో మొదలైతే మొదలవుతుంది గాని, దానికి ఏమవుతోంది, ఎందుకవుతోంది అన్నదాకా పోకపోతే ఆ పేరు పెట్టుకోనక్కరలేదు. 2005లో సంరక్షణ ఛాయాచిత్రకారుల అంతర్జాతీయ సమాఖ్యను స్థాపించిన క్రిస్టినా మిటర్‌మయర్ వంటివారు ప్రకృతి ఫొటోగ్రఫీ నుంచి ఈ పనిని వేరుచేసి చూపింది ఈ తేడా వల్లనే.

మన దేశంలో ఫలితం రాబట్టిన చిత్రాలు ఎలా తీశారో చూసినా ఈ మాటే రుజువవుతుంది. మైక్ పాండే 2000లో గుజరాత్ తీరంలో తిమింగల సొరచేపల మీద తీసిన చిత్రంలో బలంగా నిలిచిన దృశ్యాలు నీటిలో ఈదే చేపవి కావు. ఒడ్డుకు లాగి కోస్తున్న చేపవి, దాని మీద బతికే మత్స్యకారులవి. ఆ మరుసటి ఏడాది, 2001లో, ప్రభుత్వం ఆ చేపను చట్టంలోని మొదటి షెడ్యూలులో చేర్చింది. చెన్నైకి చెందిన శేఖర్ దత్తాత్రి కుద్రేముఖ్ ఇనుప గనుల మీద చిత్రం తీసి, గని మట్టి భద్రా నదిలోకి కొట్టుకుపోవడం కళ్లకు కట్టాడు. పరిరక్షణ కార్యకర్తల న్యాయపోరాటానికి అది తోడై, సుప్రీంకోర్టు ఆదేశంతో 2005 చివరికి అక్కడ తవ్వకం ఆగింది. ఈ రెండింటిలోనూ లెన్సు పొడవుకు దక్కే పాత్ర చాలా తక్కువ. నెలల తరబడి ఒకే చోటికి తిరిగి తిరిగి వెళ్లడం, కాగితాలు చదవడం, అక్కడి మనుషుల నమ్మకం సంపాదించడం ఆ చిత్రాలను నిలబెట్టాయి.

మన చుట్టుపక్కల అటువంటి కథలకు కొదవ లేదు. సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ తన వారసత్వ భూమిలో 70 ఎకరాల అడవిని పెంచి కాపాడుతూ వచ్చారు. ఆ అడవిని ఈ లెన్సుతో తీస్తే నాలుగు పిట్టలు, రెండు నెమళ్లు వస్తాయి. చుట్టూ ఉన్న పొలాల మధ్య ఆ పచ్చటి ముద్ద ఎలా నిలబడిందో చూపాలంటే వెడల్పు లెన్సు, ఏడాది పొడవునా ఋతువు ఋతువుకూ అక్కడికి వెళ్లే ఓపిక కావాలి. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా చెంచు గూడేలైన పెంటల నుంచి లేచిన గొంతులు, ఆ సెప్టెంబరులో శాసనసభ చేసిన తీర్మానం దాకా సాగిన కథ కూడా అంతే. దానిలో ముఖ్యపాత్ర మనుషుల ముఖాలది, మాటలది. చెంచు పెద్ద ఒకరు గడప దగ్గర కూర్చొని మాట్లాడుతుంటే, ఈ లెన్సు పట్టుకున్నవాడు ఇరవై అడుగులు వెనక్కి పోవాలి, అక్కడికి ఆ మాట వినబడదు.

అసలు 500 మి.మీ.కు అందని జంతువులూ అమ్రాబాద్‌లో ఉన్నాయి. హైదరాబాదు నెహ్రూ జూలో పెంచిన మూషిక జింకలను 2017 నుంచి ఈ అభయారణ్యంలో వదులుతూ వచ్చారు. అడుగు ఎత్తు కూడా లేని, రాత్రిపూట తిరిగే, ఆకుల కింద నక్కే ఆ ప్రాణిని జీపులో కూర్చొని ఎవరు తీయగలరు? దానికి జంతువు ఎదుటికి రాగానే దానంతటదే ఫొటో తీసే కెమెరా ట్రాప్ కావాలి, ఆ ట్రాప్ ఏ దారిలో పెట్టాలో చెప్పగల చెంచు సోదరుడు కావాలి, అన్నిటికంటే ముందు అటవీశాఖ అనుమతి కావాలి. సఫారీ టికెట్ మీద ఫొటోలు తీసుకోవచ్చు గాని, సినిమా తీయాలంటే వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి తప్పనిసరి. రాత పని మొదలుపెట్టి అనుమతి చేతికి వచ్చేదాకా చాలా సమయం పడుతుంది కనుక దాన్ని లెన్సు కొనడానికంటే ముందే మొదలుపెట్టడం తెలివైన పని. డ్రోన్ విషయంలోనైతే అనుమతి లేకుండా దాని ఊసే ఎత్తకూడదు. ఇక గూళ్ల దగ్గర ఎంత పొడవు లెన్సుతోనైనా మకాం వేయడం మంచిది కాదు. తల్లి పిట్ట తిండి తేవడం మానేసిందంటే మనం చాలా దగ్గరగా ఉన్నట్లే, ఆ మాటకు లెన్సు మీద రాసిన అంకెలతో పని లేదు.

ప్రత్యామ్నాయాల గురించి క్లుప్తంగా చెబుతాను. నికాన్ కొత్త తరం జెడ్ మౌంటు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీ ఉన్నవారు, లేదా త్వరలో దానికి మారదలచినవారు, 2023లో వచ్చిన నికాన్ జెడ్ 180-600 లెన్సు వైపు చూడటం మంచిది. జూమ్ చేసినా దాని గొట్టం ముందుకు సాగదు, రింగు కొద్దిగా తిప్పితే చాలు చివరిదాకా పోతుంది, దగ్గరి ఫోకస్ ఇంకా మెరుగు. చివరలో ఎఫ్/6.3కు పడిపోవడం ఒక్కటే దానిలో తగ్గేది. ధర మాత్రం వాడిన 200-500 కంటే చాలా ఎక్కువ. 200-500ను జెడ్ బాడీకి అడాప్టరుతో తగిలించవచ్చు, పని చేస్తుంది. సిగ్మా 150-600 కాంటెంపరరీ బరువులో కొంత తేలిక, అడవిలో ఎక్కువ నడిచేవారికి అది నయం. పాత డీఎస్‌ఎల్‌ఆర్ వాడేవారు ఒక సంగతి గమనించాలి. 200-500లో అపర్చర్ విద్యుత్తుతో పనిచేస్తుంది కనుక డి90, డి3000 వంటి పాత బాడీల మీద దాన్ని నియంత్రించడం కుదరదు. బేరం బాగుందని లెన్సు కొని, ఇంటికి వచ్చాక బాడీ కూడా మార్చవలసిన పరిస్థితి తెచ్చుకోకూడదు.

డబ్బు మాట దాచి ప్రయోజనం లేదు. పర్యావరణ చిత్రాల మీదే బతికేవారు మన రాష్ట్రంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందే. మిగిలినవాళ్లం పెళ్లిళ్ల రాబడితో అడవికి పోతున్నాం, అందులో చిన్నతనమేమీ లేదు. కాబట్టి చేతిలో లక్ష రూపాయల దాకా ఉన్నవారు ముందు పెళ్లిళ్లకూ డాక్యుమెంటరీకీ రెండింటికీ అక్కరకు వచ్చేవి కొనాలని నా సలహా. మంచి వైర్‌లెస్ మైకు, చిన్న ఆడియో రికార్డరు, 35 మి.మీ. ప్రైమ్ లెన్సు, ఊగని ట్రైపాడ్, దాని మీద నెమ్మదిగా తిరిగే వీడియో హెడ్, బొమ్మలు భద్రపరచుకోవడానికి రెండు హార్డ్‌డిస్కులు. వీటితో ఊళ్లో కథ ఒకటి మొదటి నుంచి చివరిదాకా తీయవచ్చు. 200-500 అవసరమైన రెండు మూడు రోజులకు హైదరాబాదు నుంచి అద్దెకు తెచ్చుకోవచ్చు. అమ్రాబాద్‌లో ఎలాగూ వానాకాలం మూడు నెలలు సఫారీ ఉండదు, సొంత లెన్సు ఉన్నా ఆ రోజుల్లో అది అలమరలోనే ఉంటుంది. అద్దె రోజులు ఏడాదికి పది పదిహేను దాటుతున్నాయని లెక్క తేలినప్పుడు సొంతానికి కొనుక్కోవడం న్యాయం.

అద్దెకు తీసుకునేటప్పుడైనా వాడినది కొనేటప్పుడైనా దుకాణంలోనే పది నిమిషాలు పరీక్షించుకోవాలి. నాకు ఒకసారి నగరంలోని ఒక అద్దె దుకాణం లోపల బూజు పట్టిన వేరొక లెన్సును చేతిలో పెట్టింది, అడవికి పోయాక గాని ఆ సంగతి బయటపడలేదు. అందుకే ఫోన్ టార్చిని వెనుక నుంచి కొట్టి ముందు నుంచి చూడాలి, సాలెగూడులాంటి సన్నటి గీతలు కనిపిస్తే ఎంత తక్కువ ధరకు ఇచ్చినా తీసుకోకూడదు. 500 దగ్గర పెట్టి లెన్సును కిందికి వంచితే గొట్టం దానంతటది జారుతోందా, జూమ్ లాకు సరిగా పడుతోందా చూడాలి. వీఆర్ వేసినప్పుడు వ్యూఫైండర్‌లో బొమ్మ స్థిరపడాలి, గరగరమన్న చప్పుడు రాకూడదు. వీధి అవతలి దుకాణం బోర్డు మీది చిన్న అక్షరాలను 200, 350, 500 దగ్గర ఎఫ్/5.6 లోనే తీసి, తెర మీద పెద్దవి చేసి, నాలుగు మూలలూ ఒకే తీరుగా ఉన్నాయా అని పోల్చాలి. కాలర్ మరలు, 95 మి.మీ. ముందు మూత, లెన్సు హుడ్ ఉన్నాయో లేదో అడగాలి. హుడ్ విడిగా కొనాలంటే ఆ కొలతది వెదకడం కష్టం, అది లేకపోతే అమ్మేవాడి ధరలో ఆ మేరకు తగ్గించమని బేరమాడవచ్చు.